పళ్ల మీది పాచి గార కాకముందే ఎలా వదిలించుకోవాలి

నాలుక కొనతో కింది ముందు పళ్ల వెనకవైపు ఒకసారి తడిమి చూడండి. నున్నగా తగిలితే అక్కడ పాచి లేదు. కాస్త గరుకుగా, పైన మెత్తటి పొరేదో ఉన్నట్టు అనిపిస్తే అది పాచి. పన్నుకీ పన్నుకీ మధ్య సందే తెలియకుండా అంతా ఒకటే గట్టి గట్టులా తగిలితే పాచి దశ దాటిపోయి గార పట్టిందన్నమాట. పొద్దున పళ్లు తోముకున్న గంటకే ఇలా చూసినా చాలామందికి అక్కడ గరుకే తగులుతుంది. అద్దంలో కనిపించే ముందువైపు మీదే శ్రద్ధంతా పెడతాం, బ్రష్ కూడా అక్కడే తిరుగుతుంది. పాచికి కావలసింది బ్రష్ తిరగని చోటు.

అందుకని ముందే ఒక మాట. పాచి రాకుండా చేసే పేస్టూ లేదు, పొడీ లేదు. అది అందరికీ, రోజూ వస్తుంది. మన చేతిలో ఉన్నది రోజుకోసారైనా దాన్ని అది కట్టే చోటే చెదరగొట్టడం. గట్టిగా రుద్దడం కంటే ఎక్కడ రుద్దాలో తెలియడం ముఖ్యం.

పాచి ఎలా కడుతుంది, గార ఎలా అవుతుంది

పళ్లు ఎంత బాగా తోముకున్నా, కొన్ని నిమిషాల్లోనే లాలాజలంలోని ప్రోటీన్లు పన్ను మీద పలుచగా పరుచుకుంటాయి. ఆ పొర చెడ్డదేమీ కాదు, ఎనామెల్‌ను, అంటే పన్ను మీది గట్టి పైపొరను, కాపాడేదే. కాకపోతే నోట్లో ఎప్పుడూ ఉండే బ్యాక్టీరియాకు దాని మీద పట్టు దొరుకుతుంది. కొన్ని గంటల్లో అవి అంటుకుని పెరగడం మొదలుపెడతాయి. చక్కెర అందితే వాటిలో స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ అనే రకం దాంతో రెండు పనులు చేస్తుంది. కొంత చక్కెరను జిగురుగా మారుస్తుంది, మిగతాదాన్ని ఆమ్లంగా మారుస్తుంది. ఆ జిగురు వల్లే పాచి ఎంత పుక్కిలించినా పోదు. ఆ ఆమ్లం వల్లే పన్ను పుచ్చుతుంది. పాచి అడుగున పీహెచ్ (ఆమ్లాన్ని కొలిచే అంకె, ఇది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) దాదాపు 5.5 కంటే కిందికి పడిపోతే ఎనామెల్‌లోని ఖనిజాలు కరగడం మొదలవుతుంది.

అలా కట్టిన పాచిని కదపకుండా వదిలేస్తే లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేట్ అందులోకి చేరి గట్టిపడతాయి. బోరు నీళ్లకు బకెట్ లోపల తెల్లగా కట్టే పొర లాంటిదే ఇదీ. కొందరిలో ఒకటి రెండు రోజులకే ఈ గట్టిపడటం మొదలవుతుంది, రెండు వారాలకల్లా బ్రష్‌కు లొంగని గార తయారవుతుంది. అలాగని బోరు నీళ్లు తాగినందుకే పళ్లకు గార పడుతుందనుకోకండి. ఆ ఖనిజాలు మీ లాలాజలంలోవే. ఇంటికి మంజీరా నీళ్లు వచ్చినా, కృష్ణా నీళ్లు వచ్చినా, క్యాన్ వేయించుకున్నా తేడా ఉండదు.

గార ఎక్కువగా రెండు చోట్ల పడుతుంది. ఒకటి కింది ముందు పళ్ల వెనక, రెండోది పై దవడ పళ్లకు బుగ్గవైపు. లాలాజలం నోట్లోకి వచ్చే గొట్టాలు తెరుచుకునేది సరిగ్గా ఈ రెండు చోట్లకు పక్కనే. నాలుకతో ముందుగా అక్కడే తడమమన్నది ఇందుకే.

చిగుళ్ల విషయానికొస్తే, 1965లో డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో హెరాల్డ్ లో (Löe) అనే పళ్ల డాక్టరు, ఆయన సహచరులు ఆరోగ్యంగా ఉన్న 12 మందిని పళ్లు తోముకోవడం ఆపేయమన్నారు. పది నుంచి ఇరవై ఒక్క రోజుల్లో అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోముకోవడం మొదలుపెట్టాక వారం పది రోజుల్లో మామూలైపోయాయి. రక్తం కారే చిగుళ్లకు మెడికల్ షాపులో విటమిన్ సి బిళ్లలు కొనుక్కునేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి. మనలో ఎక్కువమందికి చిగుళ్ల నుంచి రక్తం రావడానికి కారణం పాచే.

ముందు మీ నోట్లో ఎక్కడ మిగులుతోందో చూడండి

ఒక రాత్రి మామూలుగా ఎలా తోముకుంటారో అలాగే తోముకోండి. తర్వాత పచ్చి బీట్‌రూట్ ముక్క ఒకటి నోరంతా తిరిగేలా నమిలి, ఉమ్మేసి, ఒక్కసారి నీళ్లతో పుక్కిలించండి. ఫోన్ టార్చ్ వేసుకుని అద్దంలో చూస్తే పాచి ఉన్నచోట గులాబీ రంగు నిలిచి ఉంటుంది. పళ్ల డాక్టర్ల దగ్గర ఇదే పనికి డిస్‌క్లోజింగ్ టాబ్లెట్లు ఉంటాయి, వాటితో ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. బీట్‌రూట్ అంత బాగా పట్టదు కానీ మన పనికి చాలు. లోపలివైపు చూడటానికి చిన్న చేతి అద్దం పనికొస్తుంది.

రంగు మిగిలిన చోట్లు గుర్తుపెట్టుకోండి. సాధారణంగా అది చిగురు అంచు వెంబడి గీతలా, పళ్ల సందుల్లో, చిట్టచివరి దవడ పన్ను వెనక, వంకరగా ఒకదాని మీదికి ఒకటి ఎక్కిన పళ్ల దగ్గర కనిపిస్తుంది. రేపటి నుంచి బ్రష్ ముందు అక్కడికే వెళ్లాలి.

బ్రష్ పట్టుకునే పద్ధతి

సాఫ్ట్ అని రాసి ఉన్న, తల చిన్నగా ఉన్న బ్రష్ తీసుకోండి. హార్డ్ బ్రష్‌తో పళ్లు బాగా శుభ్రమవుతాయని మన ఇళ్లలో గట్టి నమ్మకం. నిజానికి దాంతో చిగుళ్లు కిందికి జారిపోతాయి, పన్ను మొదలు దగ్గర గాడి పడుతుంది, ఆనక చల్లటి నీళ్లు తగిలినా జివ్వుమంటుంది. పేస్టు బటాణీ గింజంత చాలు. బ్రష్ పొడవునా అలలా వేయడం ప్రకటనల్లో చూసి నేర్చుకున్నదే. పేస్టులో ఫ్లోరైడ్ ఉందో లేదో మాత్రం ట్యూబ్ వెనక చూడండి. మన దగ్గర మామూలుగా 1000 పీపీఎం వరకు ఉంటుంది. పుచ్చును ఆపేది అదే. లవంగమా, ఉప్పా అన్నది రుచికి సంబంధించిన విషయం.

బ్రష్‌ను పన్నుకు నిటారుగా ఆనించకండి. కుచ్చు సగం చిగురు అంచు మీద, సగం పన్ను మీద ఉండేలా ఏటవాలుగా, 45 డిగ్రీల కోణంలో పెట్టండి. పై పళ్లకు కుచ్చు పైకి, కింది పళ్లకు కిందికి చూడాలి. బ్రష్‌ను అక్కడి నుంచి జరపకుండా, ఉన్నచోటే పది దాకా లెక్కపెడుతూ సన్నగా వణికించండి. తర్వాత చిగురు నుంచి పన్ను కొనవైపు ఒకసారి తుడిచినట్టు తిప్పండి. ఒకచోట రెండు మూడు పళ్లు అవుతాయి. పక్కకు జరిగి మళ్లీ అదే పని. రంపం కోసినట్టు అడ్డంగా రుద్దితే సందుల్లోకి ఏమీ వెళ్లదు, చిగురు అంచున ఉన్నది అక్కడే ఉంటుంది.

వరుస కూడా మార్చండి. అందరూ ముందు పళ్లతో మొదలుపెట్టి, లోపలికి వచ్చేసరికి ఓపిక అయిపోయి పుక్కిలిస్తారు. మీరు కింది పళ్ల లోపలివైపుతో మొదలుపెట్టండి. కింది ముందు పళ్ల వెనక బ్రష్ అడ్డంగా పట్టదు కాబట్టి నిలువుగా పట్టుకుని, కొన భాగంతో కింది నుంచి పైకి లాగండి. తర్వాత పై పళ్ల లోపలివైపు. పై దవడ పళ్ల బుగ్గవైపుకు వచ్చినప్పుడు నోరు సగం మూయండి. నోరు బాగా తెరిస్తే బుగ్గ బిగుసుకుని బ్రష్‌ను లోపలికి పోనివ్వదు, సగం మూస్తే చోటు దొరుకుతుంది. చివరి పన్ను వెనకవైపును మరచిపోవద్దు. నమిలే భాగాలు, కనిపించే ముందువైపు ఆఖరున. వాటిని ఎవరూ వదిలేయరు.

ఇదంతా రెండు నిమిషాల పని. బ్రష్ నోట్లో పెట్టుకుని వాట్సాప్ చూస్తే పది నిమిషాలు గడుస్తాయి గానీ బ్రష్ ఒకే బుగ్గలో ఉంటుంది.

అయ్యాక నురగ ఉమ్మేయండి. గ్లాసుల కొద్దీ నీళ్లతో పుక్కిలిస్తే పేస్టులోని ఫ్లోరైడ్ కూడా కొట్టుకుపోతుంది. మొదట్లో నోరు చిరచిరలాడుతూ అదోలా ఉంటుంది, రెండు మూడు రోజుల్లో అలవాటవుతుంది. కుచ్చు విచ్చుకున్న బ్రష్‌ను మూడు నెలలకల్లా మార్చేయండి. అది గ్యాస్ స్టవ్ తోమడానికి బాగా పనికొస్తుంది.

పొద్దున, రాత్రి రెండు పూటలా తోముకోవాలి. ఒక పూటే కుదురుతుందంటే రాత్రినే ఎంచుకోండి. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది. పగలంతా నోటిని కడిగేది, ఆమ్లాన్ని విరిచేది అదే. అది లేని ఆ ఏడెనిమిది గంటలూ బ్యాక్టీరియాకు అడ్డు చెప్పేవాళ్లు ఉండరు. ఫంక్షన్ హాల్‌లో పెళ్లి విందు తిని, డబుల్ కా మీఠా మీద ఖుబానీ కా మీఠా లాగించి, మీఠా పాన్ నములుతూ అర్ధరాత్రి ఇల్లు చేరి అలాగే పడుకునే రోజులుంటాయి చూడండి, తప్పకుండా బ్రష్ చేయాల్సింది ఆ రోజుల్లోనే.

తోముకుంటుంటే రక్తం వస్తోందని అక్కడ బ్రష్ పెట్టడం మానేస్తారు చాలామంది. అక్కడే ఇంకాస్త శ్రద్ధగా, మెత్తగా తోమాలి. పాచి పోయేకొద్దీ రక్తం తగ్గిపోతుంది. రెండు వారాలైనా తగ్గకపోతే లోపల గార ఉందనుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. సిగరెట్ తాగేవాళ్లకు ఒక హెచ్చరిక: పొగ వల్ల చిగుళ్లలో రక్త ప్రసరణ తగ్గి, జబ్బున్నా రక్తం కనిపించకపోవచ్చు. రక్తం రావట్లేదు కదా అని ధీమాగా ఉండొద్దు.

సందులు

పన్నుకు ఐదు వైపులుంటే బ్రష్‌కు అందేవి మూడే. పక్క పళ్లను ఆనుకున్న రెండు వైపులకూ దారం కావాలి. ఫ్లాస్ అని మెడికల్ షాపుల్లో దొరుకుతుంది. పూలు కొలిచినట్టు ఒక మూర తెంపండి. రెండు చివరలూ రెండు చేతుల మధ్య వేళ్లకు చుట్టుకుని మధ్యలో అంగుళం వదిలి, సందులోకి అటూ ఇటూ ఆడిస్తూ నెమ్మదిగా దించండి. టప్పున కిందికి గుంజితే చిగురు తెగుతుంది. దిగాక దారాన్ని ఒక పన్నును హత్తుకునేలా వంచి, చిగురు అంచు కింద నుంచి పైకి మూడు నాలుగుసార్లు తుడవండి. తర్వాత అదే సందులో పక్క పన్నును. మొదటి వారం విసుగ్గానే ఉంటుంది. రోజూ రాత్రి బ్రష్‌కు ముందు చేయడం మంచిది. అసలే కుదరదంటే కింది ముందు పళ్లతో మొదలుపెట్టండి.

సందులు పెద్దవైనవాళ్లకు, అంటే చిగుళ్లు జారి అన్నం మెతుకులు ఇరుక్కునేవాళ్లకు, దారం కంటే సీసాలు కడిగే బ్రష్ ఆకారంలో ఉండే బుల్లి ఇంటర్‌డెంటల్ బ్రష్ బాగా పనిచేస్తుంది. కాస్త బిగువుగా, నొప్పి లేకుండా దూరే సైజు తీసుకోవాలి. రంజాన్ నెలలో హలీం తిన్నాక పీచు ఇరుక్కుందని పిన్నీసు, చీపురుపుల్ల పెట్టి కెలికే అలవాటుంటే వెంటనే మానండి. రోజూ ఒకే చోట ఇరుక్కుంటుంటే అక్కడ పుచ్చో, వదులైన ఫిల్లింగో ఉండి ఉంటుంది.

1683లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ ఊరి బట్టల వ్యాపారి లీవెన్‌హూక్ తన పళ్ల సందులోని తెల్లటి పదార్థాన్ని సొంతంగా చేసుకున్న సూక్ష్మదర్శిని కింద చూసి, అందులో ప్రాణులు కదులుతున్నాయని లండన్ రాయల్ సొసైటీకి రాశాడు. ఆయన రోజూ ఉప్పుతో పళ్లు రుద్దుకునేవాడు, తిన్నాక పుల్లతో దవడ పళ్లు శుభ్రం చేసుకునేవాడు. అయినా సందుల్లో మిగిలింది. వెనిగర్‌తో కడుక్కుని మళ్లీ చూస్తే, పైపైనున్నవి చచ్చాయి గానీ లోపలివి అలాగే ఉన్నాయి. మౌత్‌వాష్ గురించి చెప్పాల్సింది కూడా ఇంతకన్నా పెద్దగా లేదు. పాచిని ముందు చెదరగొట్టాలి, ఆ తర్వాతే ఏ ద్రావణమైనా.

చాయ్ సంగతి

తీపి తిన్న కొద్ది నిమిషాల్లోనే పాచిలో ఆమ్లం పెరుగుతుంది. మళ్లీ మామూలు స్థితికి రావడానికి అరగంట నుంచి గంట పడుతుంది. కాబట్టి ఎంత చక్కెర అన్నదాని కంటే ఎన్నిసార్లు అన్నది పళ్లకు ముఖ్యం. పొద్దున లేవగానే పాచి మొహంతో ఒకటి, ఆఫీసులో పదకొండుకు ఒకటి, నాలుగుకు ఉస్మానియా బిస్కెట్‌తో ఇరానీ చాయ్, ఆరింటికి మీటింగ్ అయ్యాక టెన్షన్‌లో ఇంకొకటి. ఒక్కోటి చిన్న కప్పే. కానీ పళ్ల లెక్కలో రోజులో రెండు నుంచి నాలుగు గంటలు ఆమ్లంలో నానినట్టే. కప్పు ముందు పెట్టుకుని గంటసేపు కొద్దికొద్దిగా చప్పరిస్తే ఇంకా ఎక్కువ.

ఇరానీ చాయ్ మానమని హైదరాబాద్‌లో ఎవరికీ చెప్పలేను. చక్కెర చాయ్‌లు రెండుకు తగ్గించి, వాటిని టిఫిన్‌తోనో భోజనం తర్వాతో తాగండి. మిగతావి చక్కెర లేకుండా. బిస్కెట్ పిండి దవడ పళ్ల గాడుల్లో అతుక్కుపోతుంది కాబట్టి తిన్న వెంటనే నీళ్లు పోసుకుని గట్టిగా పుక్కిలించండి. పుక్కిలిస్తే పాచి పోదు కానీ మెతుకులు పోతాయి, ఆమ్లం పలచబడుతుంది. నిమ్మరసం, సోడా, చింతపండు పులుపు తగిలిన వెంటనే మాత్రం బ్రష్ పట్టకండి. ఎనామెల్ కాసేపు మెత్తబడి ఉంటుంది, అరగంట ఆగండి. జామకాయ, చెరకు కొరికి తింటే పాచి పోతుందనేది సగం నిజం కూడా కాదు. నమిలే వైపు కాస్త శుభ్రపడుతుందేమో, చిగురు అంచుకు అది చేరదు.

వేపపుల్ల, పళ్లపొడి, నూనె

వేపపుల్లను ఓపిగ్గా కుచ్చులా నమిలి వాడితే ముందు పళ్లు శుభ్రపడతాయి. దవడ పళ్ల లోపలివైపుకు అది ఎలా చేరుతుంది? ఇష్టమైతే పొద్దున పుల్ల వేసుకోండి, రాత్రి బ్రష్ మానొద్దు. బొగ్గు, ఇటుక పొడి, గరుకైన ఎర్ర పళ్లపొడులు పళ్లను తెల్లబరుస్తున్నట్టే ఉంటాయి. ఆ తెలుపు ఎనామెల్‌ను గీకగా వచ్చినది. పొగాకు కలిసిన పొడితో పళ్లు తోమే అలవాటు ఇంట్లో పెద్దవాళ్లకుంటే దాన్ని మాన్పించండి, నోటి క్యాన్సర్‌కు అదో దారి. నువ్వుల నూనె పుక్కిలించడం వల్ల హాని లేదు, కానీ అది బ్రష్‌కు బదులు కాదు. డాక్టరు రాసిన క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ మాత్రం రాసినన్ని రోజులే వాడాలి. వారాల తరబడి వాడితే, అందులోనూ చాయ్ తాగేవాళ్లకు, పళ్లు గోధుమ రంగుకు తిరుగుతాయి. పేస్టుకూ దానికీ మధ్య అరగంట వ్యవధి ఇవ్వండి.

పళ్ల మీది ప్రతి మరకా పాచి కాదు. నల్లగొండ వైపు పల్లెల్లో పుట్టి పెరిగి ఇప్పుడు ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్‌లలో ఉంటున్నవాళ్లలో కొందరి పళ్ల మీద సుద్ద లాంటి తెల్ల చారలు, గోధుమ రంగు మచ్చలు కనిపిస్తాయి. చిన్నప్పుడు పళ్లు తయారయ్యే వయసులో నీళ్లలో ఎక్కువైన ఫ్లోరైడ్ వల్ల వచ్చిన ఫ్లోరోసిస్ అది. మచ్చ ఎనామెల్ లోపలే ఉంటుంది. దాన్ని పోగొట్టాలని రుద్దితే పన్ను అరుగుతుందే తప్ప మచ్చ పోదు.

పిల్లలకు మూడేళ్ల లోపు బియ్యపు గింజంత పేస్టు, ఆ తర్వాత బటాణీ గింజంత. ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా వాళ్లు తోముకున్నాక మీరు మరోసారి తోమండి. పాల సీసా నోట్లో పెట్టి నిద్రపుచ్చొద్దు.

గార పట్టేశాక

గట్టిపడిన గారను ఇంట్లో తీసే మార్గం లేదు. ఆన్‌లైన్‌లో అమ్మే ఉక్కు కొక్కేలు కొని అద్దం ముందు గీక్కుంటే చిగురు చీలుతుంది, గార ముక్కలు లోపలే మిగులుతాయి. క్లీనింగ్ అనండి, స్కేలింగ్ అనండి, అది డాక్టరే చేయాలి. సెకనుకు 25 వేలకు పైగా సార్లు కంపించే సన్నటి కొన గారను పగలగొడుతుంది, పక్కనే నీళ్లు చిమ్ముతూ ఉంటాయి. చిగురుకూ పన్నుకూ మధ్య లోతును గీతలున్న సన్నటి కడ్డీతో కొలుస్తారు. మూడు మిల్లీమీటర్ల వరకు మామూలే. అంతకంటే లోతైతే మీ అంకెలు ఎంతో అడిగి రాసుకోండి, తర్వాతిసారి పోల్చుకోవచ్చు.

స్కేలింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయన్న మాట మన దగ్గర బాగా ప్రచారంలో ఉంది. గార పోయాక సందులు బయటపడతాయి, నాలుకకు ఖాళీగా తగులుతుంది. అప్పటికే ఎముక తగ్గి కదులుతున్న పళ్లను కొన్నిసార్లు గారే పట్టి ఉంచుతుంది. అంత దాకా వచ్చింది గార వల్లే, దాన్ని తీయడం వల్ల కాదు.

ఖర్చు గురించి భయపడేవాళ్లకు అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి దగ్గర ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. రద్దీగా ఉంటుంది, పొద్దున్నే వెళ్లాలి. క్లినిక్‌కు వెళ్తే కూర్చోకముందే రేటు అడగండి. క్లీనింగ్‌తో పాటు పాలిషింగ్‌కు విడిగా తీసుకుంటారా అన్నది కూడా.

వెళ్లినప్పుడు ఈ సంగతులు దాచకుండా చెప్పండి: షుగర్ ఉందా, రక్తం పలచబరిచే మందులు వాడుతున్నారా, గుండె కవాటం మార్చారా, గర్భంతో ఉన్నారా. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్ల జబ్బు ముదురుతుంది, చిగుళ్ల జబ్బు ముదిరితే షుగర్‌ను అదుపు చేయడం కష్టమవుతుంది. గర్భిణులకు హార్మోన్ల వల్ల చిగుళ్లు త్వరగా వాస్తాయి, నాలుగో నెల నుంచి ఆరో నెల మధ్య స్కేలింగ్ చేయించుకోవడానికి అనుకూలం. బీపీ, అలర్జీ, డిప్రెషన్ మందుల్లో కొన్ని నోటిని పొడిగా చేస్తాయి. అలాంటివి వాడుతుంటే పాచి త్వరగా పేరుకుంటుంది, ఆ పేర్లూ చెప్పండి.

చేయించుకున్నాక రెండు మూడు రోజులు చల్లటివి తగిలితే జివ్వుమనడం సహజం. సెన్సిటివిటీ పేస్టు వాడితే తగ్గుతుంది, వారం దాటినా ఉంటే మళ్లీ చూపించుకోండి. తర్వాత ఎప్పుడు రావాలో డాక్టరునే అడగండి. ఆరు నెలలన్నది అందరికీ చెప్పే మాట. గార త్వరగా పట్టేవాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు మూడు నాలుగు నెలలకే రమ్మంటారు, శుభ్రంగా ఉంచుకునేవాళ్లకు ఏడాది దాకా ఆగినా ఫర్వాలేదంటారు.